దగ్గులో నెత్తురు పడితే దాచకండి
(వార్షిక సమావేశంలో ఒక డాక్టరుగారి ప్రసంగ పాఠం)



దగ్గినప్పుడు కళ్ళెలో నెత్తురు చార కనిపిస్తే ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. ఆ తర్వాత చేసే మొదటి పని ఏమిటి? దాచిపెట్టడం! పెళ్ళీడు పిల్ల అయితే మరీను. "క్షయ అని నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావు" అని నెలల తరబడి దగ్గుమందుతో సరిపెడతారు. ఈలోగా జబ్బు ముదురుతుంది, ఇంట్లో పసిపిల్లలకూ సోకుతుంది.

ముందు ఆ నెత్తురు ఎక్కడిదో తెలుసుకోవాలి. చిగుళ్ళనుంచి, ముక్కునుంచి కారినదీ ఉమ్మిలో పడవచ్చు. ఊపిరితిత్తులనుంచి వచ్చేది సాధారణంగా ఎర్రగా, నురగగా, కళ్ళెతో కలిసి ఉంటుంది. కడుపులోనుంచి వాంతయ్యేది చాలావరకు నల్లగా, కాఫీపొడిలా ఉంటుంది.

నెత్తురు పడిందల్లా క్షయ కాదు. న్యుమోనియా, శ్వాసనాళాలు వెడల్పై చీము పట్టడం, చిన్ననాటి కీళ్ళజ్వరంవల్ల గుండె కవాటం ఇరుకు కావడం, ఊపిరితిత్తుల కేన్సరు - ఇవీ కారణాలే. బీడీ, సిగరెట్టు అలవాటుండి 40 దాటినవారు మరింత జాగ్రత్తపడాలి. అయినా మన దేశంలో మొదట అనుమానించవలసింది క్షయనే.

అందుకు కళ్ళె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేస్తారు. క్షయక్రిమి ఉన్నదీ లేనిదీ, రిఫాంపిసిన్ మందుకు లొంగేదీ లేనిదీ సుమారు 2 గంటల్లో తేల్చే యంత్రాలు ఇప్పుడున్నాయి. అవసరమైతే సి.టి. స్కాన్, గొట్టంతో శ్వాసనాళాల్లోకి చూసే బ్రాంకోస్కోపీ కూడా చేస్తారు.

చికిత్స కారణాన్నిబట్టి ఉంటుంది. మందులకు లొంగే క్షయకు మామూలుగా 6 నెలల వైద్యం: తొలి 2 నెలలు 4 రకాల మందులు, తర్వాత 4 నెలలు 3 రకాలు. మూత్రం నారింజరంగుకు మారితే భయపడకండి, అది మందు రంగే. ఒళ్ళు కుదుటపడిందని మధ్యలో మానేస్తే మాత్రం క్రిమి మొండికెత్తుతుంది. సర్కారు ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితం. 2024 నవంబరునుంచి పోషణకు నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తున్నారు.

నెత్తురు ఎక్కువగా పడితే ఇంటి వైద్యాలు వద్దు. వెల్లకిలా పడుకోబెట్టకండి. నెత్తురు శ్వాసకు అడ్డం పడి ప్రాణం పోవచ్చు. కూర్చోబెట్టండి, లేదా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెంటనే పెద్దాసుపత్రికి చేర్చండి. కారుతున్న రక్తనాళాన్ని సన్నని గొట్టంద్వారా మూసే చికిత్స ఉంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

అమ్మలారా! మందులు సరిగా మింగితే కొద్ది వారాల్లోనే ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. నయమైన పిల్లకు పెళ్ళికిగానీ, కాన్పుకుగానీ క్షయ అడ్డు కాదు. రెండు వారాలు మించి దగ్గేవారు, నెత్తురు చార చూసినవారు మీ వీధిలో ఉంటే, సంఘ సభ్యులుగా మీరే తోడుండి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మీ అందరినీ నేను కోరేది ఇదే. సెలవు.