బీరువా నిండితే సరిపోదు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పవిత్ర ఖుర్‌ఆన్ అవతరణలో మొదటి మాట ‘ఇఖ్రా’. అంటే చదువు. ఈ మాట మనం ప్రతి సభలో చెప్పుకుంటాం. మరి చదవడానికి మన పిల్లల చేతిలో ఏం పెట్టాం? ఈ రోజు నేను అడిగేది అదే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. జిల్లాలు కొత్తవే గాని, గ్రంథాలయం ఈ నేలకు కొత్త కాదు. హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పుట్టింది. హైదరాబాద్‌లో 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయమే నేటి అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. అక్కడ ఉర్దూ, ఫారసీ, అరబ్బీ, తెలుగు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. మనం చేయాల్సింది దాని చిన్న రూపమే.

కొన్నేళ్ల కింద ఒక ఊరికి రెండు బీరువాల పుస్తకాలు దానంగా వచ్చాయి. లెక్క రాయడానికి నన్ను పిలిచారు. పాత సిలబస్ గైడ్లు, అట్టలు ఊడినవి, ఒకే పుస్తకం పదకొండు కాపీలు. తాళం ఒక పెద్దమనిషి ఇంట్లో ఉండేది. రెండేళ్ల తర్వాత తెరిస్తే కింది అర చెదల పాలైంది. ఇచ్చినవారి మనసు మంచిదే. ఏం కావాలో ముందే రాసి ఇవ్వని తప్పులో నాకూ పాలుంది.

అందుకే దాతలకు కొన్ని మనవులు.

మొదట పిల్లల్ని అడుగుదాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతున్నారు. మూడు భాషలకూ అరలు కావాలి. కథల పుస్తకాలు, నిఘంటువులు, తెలుగులో దీనీ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉండాలి.

డబ్బంతా ఒకేసారి ఖర్చు పెట్టొద్దు. సగం మొదట, మిగతాది ఏటేటా. గ్రంథాలయం పెరుగుతూ ఉండాలని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే చెప్పారు.

ప్రతి పుస్తకానికి రిజిస్టరులో నంబరు, తేదీ, రచయిత, ధర, ఇచ్చినవారి పేరు రాయాలి. ఎవరు తీసుకెళ్లారో ఇంకో రిజిస్టరులో ఉండాలి. ఏడాది చివర రెండూ పక్కపక్కన పెడితే ఏ పుస్తకం కదలలేదో తెలుస్తుంది. దాన్ని పనికొచ్చే చోటికి పంపితే దయచేసి నొచ్చుకోకండి.

ఆడపిల్లల కోసం సాయంత్రం ఒక గంట కేటాయించి, తాళం ఒక అక్క చేతికి ఇవ్వండి. ఇంట్లో చదువుకునే మూల లేని పిల్లలే ఎక్కువ.

జకాత్ ఎవరికి చెందాలో ధర్మం నిర్ణయించింది. కాబట్టి ఆ డబ్బు సంగతి ఉలమాలను అడగండి. గ్రంథాలయానికి సదఖా, విరాళం చాలు.

ఇంకొక మాట. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అంటే జిల్లా గ్రంథాలయమూ మనదే. వెళ్లి సభ్యులవుదాం, ఉర్దూ పత్రికలు, పుస్తకాలు అడుగుదాం.

మనిషి పోయాక కూడా ఆగని పుణ్యాల్లో సదఖా జారియా, నలుగురికి ఉపయోగపడే విద్య ఉన్నాయని ప్రవక్త (స) బోధించారు. మంచి పుస్తకం ఆ రెండూ. వచ్చే ఏడు మీ పేరున్న బీరువాను చూపించమని అడగకండి. చేతులు మారి మారి నలిగిన పుస్తకం చూపించమనండి. అదే మీ రసీదు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.