మానవునకు ఇంద్రపదవి తగునా?

(వార్షిక మహాసభయందుఁ జేసిన ఉపన్యాసము)



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దములును ధాతువులును నేర్పి విశ్రాంతి గైకొన్న నన్ను ఈ వేదికపై నిలువఁబెట్టిన మీ యాదరమునకుఁ గృతజ్ఞుఁడను. ఏ విషయము మాటలాడవలెనని కార్యదర్శిగారి నడిగితిని. మీ యిష్టము వచ్చినది చెప్పుఁడనిరి. ఇష్టము వచ్చినది చేయవచ్చునను అనుజ్ఞ యెంతటి యపాయకరమో యెఱిఁగినవాఁడను గనుక దానినే నేఁటి విషయముగాఁ గొంటిని.

దేవతలకుండు శక్తి యొక మానవునకు లభించునెడల, దానిని నమ్మి యొప్పగింపఁదగినవాఁ డొక్కఁడైనఁ గలఁడా? ప్రశ్న పురాతనమైనది. మహాభారతము దీనికిఁ గథారూపమున నుత్తరము చెప్పినది.

ఉద్యోగపర్వమున శల్యుఁడు ధర్మరాజునకు నహుషుని వృత్తాంతము చెప్పును. వృత్రుని జంపిన పిదప ఇంద్రుఁడు పాపభీతిచే దాఁగికొనెను. స్వర్గమునకు రాజు లేఁడు, లోకము కళవళపడెను. దేవతలును ఋషులును గూడి యాలోచించి భూలోకమున నహుషుని నెన్నుకొనిరి. అతఁడు చంద్రవంశపు రాజు, ఆయువునకుఁ గుమారుఁడు, యయాతికిఁ దండ్రి. అతఁడు ధర్మాత్ముఁడని యెంచియే పిలిచిరి. అతఁడును వెంటనే యెగిరిపడలేదు. తాను దుర్బలుఁడననియు, ఈ భారమునకుఁ జాలననియు వెనుదీసెను. అపుడు దేవతలొక వరమిచ్చిరి: దేవతలు కానీ, దానవులు కానీ, ఋషులు కానీ, అతని కంటఁబడినవారి తేజస్సెల్ల అతనికే సంక్రమించును.

కొంతకాలము ధర్మముగానే యేలెను. తరువాత విహారములు, తరువాత భోగములు. ఆపైని శచీదేవిని గోరుట. తుదకు ఋషులచేఁ బల్లకి మోయించి, యగస్త్యుని శిరస్సునకుఁ గాలు తగిలించుట. పదివేలేండ్లు పామువై పడియుండుమని శాపము.

ఈ కథకు కామము చెడ్డది, గర్వము చెడ్డది యని నీతి చెప్పి ముగించుట వాడుక. నేనును బడిలో నట్లే చెప్పితిని. విశ్రాంతి గైకొన్న పిదప మరలఁ జదువఁగా నా దృష్టి వరముమీఁద నిలిచినది. నహుషుని జెఱిచినది పదవికన్న ఆ వరమే యని నాకిపుడు తోఁచుచున్నది. ఎదుట నిలిచినవాని తేజస్సు తొలఁగిపోయినచో, ఇది తప్పు రాజా యని చెప్పఁగలవాఁ డెవఁడు? దేవతలు వలదని వేఁడికొనినను వినలేదు; బృహస్పతియు శచీదేవియు నుపాయములు పన్నవలసివచ్చెఁ గాని, యెదురుగా నిలిచి యతని నాఁపఁగలవాఁడు స్వర్గమున నొక్కఁడును లేకపోయెను. సర్వాధికారమునకు మొదటి లక్షణము ఇదియే. అధికారి చెడుటకు ముందే యతని చుట్టునున్నవారి నోరు పడిపోవును.

వ్యాకరణము చదివినవారికి ఇంకొకమాట చెప్పెద. ఒక వర్ణముయొక్క స్థానమున మఱియొకటి వచ్చినచో దానిని ఆదేశమందురు; తొలుత నున్నదానిని స్థాని యందురు. ఆదేశము స్థానివలెనే కార్యములు నడుపునని పాణిని యనుజ్ఞ యిచ్చెను. కాని వర్ణమునే యాశ్రయించిన విధులయం దట్లు కాదని వెంటనే కట్టడి చేసెను. ఇంద్రుని స్థానమున నహుషుఁడు ఆదేశము. ఇంద్రుని యాసనము, ఛత్రము, సేన, యాజ్ఞ యన్నియుఁ జెల్లినవి. స్వభావము మాత్రము మానవునిదే. ఆసనము మాఱినంతమాత్రమున అక్షరము మాఱదు.

సోదరులారా! నహుషుని నిందించుట సులభము. అతని వరమును నేనుగూడఁ గొంతకాలము ధరించితిని. నలువదిమంది పిల్లలున్న గదిలో చేతఁ బెత్తము పట్టిన యుపాధ్యాయుఁడు ఇంద్రునికంటెఁ దక్కువవాఁడు కాఁడు.

ఉద్యోగమునఁ జేరిన తొలినాళ్లలో నొకనాఁడు పిల్లల జీతముల సొమ్ము నా బల్లపైఁ గనఁబడలేదు. సుద్దముక్క తెచ్చుటకు బల్లయొద్దకు వచ్చిన బాలుఁడొకఁడు గలఁడు. పేదవాఁడు, చిరిగిన చొక్కాతో వచ్చువాఁడు, మన కులమువాఁడు కాఁడు. నేను రెండవవాని నడుగలేదు. వానిని నిలువఁబెట్టి కొట్టితిని. వాఁడు తీయలేదని రెండుమార్లు చెప్పెను. మూఁడవమారు చెప్పుట మానెను. మానుటను నేరము నొప్పుకొనుటగా లెక్కించితిని. సాయంకాలము హాజరుపట్టీ యట్టకును కాగితమునకును నడుమ సొమ్ము దొరికినది. అచ్చటఁ బెట్టినవాఁడను నేనే. మఱునాఁడు ఆ బాలుఁడు బడికి రాలేదు, ఎన్నఁడును రాలేదు. వాని యింటికిఁ బోయి తప్పు చెప్పుకొందమని యనుకొంటిని, పోలేదు. అది నా రెండవ తప్పు, మొదటిదానికన్నఁ బెద్దది.

ఇరువది యేండ్ల తరువాత ఆ తరగతిలో నాఁడు కూర్చున్న శిష్యుఁడొకఁడు పెండ్లిపందిరిలోఁ గలిసి, మాటలనడుమ, ఆ సొమ్మును మీరు పట్టీలోఁ బెట్టుట మేము నలుగురము చూచితిమి మాస్టరుగారూ, చెప్పుటకు భయపడితిమి అనెను. నాఁడు నాకు నహుషుని వరము బోధపడినది. నాకు సత్యము చెప్పఁగల నాలుగు నోళ్లు నా యెదుటనే యున్నవి. వాని తేజస్సును హరించినవాఁడను నేనే.

నలువదిమంది పిల్లలపై నాకుండిన యధికారమే యింతపని చేసినది. నేఁడు మానవుఁడు నగరములనే భస్మముచేయు శక్తిని సంపాదించెను. 1945 జూలై 16వ తేదీ తెల్లవారకముందు అమెరికాలోని న్యూమెక్సికో యెడారియందుఁ దొలి యణుబాంబును బరీక్షించిరి. ఆ శాస్త్రజ్ఞులకు నాయకుఁడు ఓపెన్‌హైమరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆర్థర్ రైడరు పండితునియొద్ద సంస్కృతము నేర్చినవాఁడు. ఆ వెలుఁగు చూచినపుడు గీతలోని విశ్వరూపఘట్టము తనకు స్ఫురించినదని తరువాతఁ జెప్పెను. సంస్కృతోపాధ్యాయునిగా నాకిచట నొక సందేహము. ఆ ఘట్టమున నర్జునుఁడేమి చేసెను? దివ్యచక్షుస్సు పొందియు, ఆ రూపమును జూడనోపక వణఁకి, మరల సౌమ్యరూపము చూపుమని ప్రార్థించెను. చూచుటకే యోర్వనివాఁడు చేపట్టుట కెట్లోర్చును?

ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపై, 9వ తేదీన నాగసాకిపై బాంబులు పడినవి. 10వ తేదీన అధ్యక్షుఁడు ట్రూమను, తన యనుజ్ఞ లేనిదే మఱియొకటి వేయరాదని కట్టడిచేసెను. సేనానుల చేతినుండి తొలఁగించుట మంచిదే. కాని యది చేరినది యొక్కని చేతికే. నేఁటికిని ఆ దేశమున నణ్వాయుధము నొక్కఁడొంటిగా ముట్టరాదు, ఇద్దఱుండితీరవలెనని నియమము. ప్రయోగింపుమను నాజ్ఞకు మాత్రము అధ్యక్షుఁ డొక్కఁడు చాలును. రెండవవాని సమ్మతి యక్కఱలేదు. సామాన్య సైనికునకుఁ గావలికాఁడు కలఁడు. అతని కాజ్ఞాపించువానికి లేఁడు.

దీనికి మాఱుగ నొక యుదాహరణము వినుఁడు. 1962 అక్టోబరు 27వ తేదీన, క్యూబా విషయమై రెండు మహారాజ్యములు కయ్యమునకుఁ గాలుదువ్వుచుండఁగా, రష్యావారి జలాంతర్గామి బి-59 అమెరికా నౌకల నడుమఁ జిక్కినది. వారు దానిని పైకి రప్పించుటకు నీటిలోఁ జిన్న ప్రేలుడుగుండ్లు విడిచిరి. లోపల నుడుకు, గాలి చాలదు, మాస్కోతో మాటలాడు వీలు లేదు. ఆ యోడలో నొక యణుటార్పెడో కలదు. యుద్ధము మొదలైనదని తలఁచి యోడనాయకుఁడు దానిని సిద్ధపఱుపుఁడనెననియు, వాసిలీ ఆర్ఖిపోవు వలదని యతనిని శాంతింపఁజేసెననియు, ఆ యోడలోనివారు తరువాతఁ జెప్పిరి. ఓడ పైకి వచ్చినది; లోకము మిగిలినది. ఆర్ఖిపోవు దేవుఁడు కాఁడు. ఆ నౌకాదళమున కధికారులలో నొకఁడు. ఓడనాయకునితో సమానమైన హోదా గలవాఁడు. ఆ దినమున ఆ యోడలో నుండెను. అతని తేజస్సు నెవ్వఁడును హరింపలేదు గనుక వలదనఁగలిగెను.

అట్లయిన నమ్మఁదగినవారే లేరా యని మీరడుగవచ్చును. ఉన్నారు. భరతుఁడు అయోధ్యారాజ్యము చేతికి వచ్చినను, అన్న పాదుకలను సింహాసనముపై నుంచి, నందిగ్రామమునఁ బదునాలుగేండ్లు నారచీరలు గట్టి పాలించి, తిరిగి యొప్పగించెను. రోమునగరమున సిన్సినాటసు అనువాఁడు క్రీస్తుపూర్వము 458లో పొలమునుండి పిలువఁబడి, ఆఱునెలలకు సర్వాధికారము పొంది, శత్రువును జయించి, పదునాఱవనాఁడే యధికారమును విడిచెనని లివీ వ్రాసెను.

ఈ యిద్దఱి కథలలో గమనింపవలసిన దొకటి కలదు. భరతునకు సొత్తు తనది కాదు. సొంతదారుఁడు వేఱొకఁడు గలఁడు. తిరిగి యొప్పగింపవలసిన దినము మొదలే నిర్ణయమైనది. రోమువానికిఁ గూడ గడువు ముందే పెట్టఁబడినది. క్రీస్తుపూర్వము 44లో సీజరునకు ఆ గడువు తీసివేసి, జీవితాంతమని యిచ్చిరి. ఆ యేఁటనే యతఁడు హతుఁడయ్యెను. ఆ ప్రజాప్రభుత్వము మరలఁ గోలుకొనలేదు.

మఱియొక చిక్కు. భరతునివంటివాఁడు కలఁడుగదా, వానినే వెదకి యిత్తమందురేమో. ఎట్లు వెదకెదరు? నహుషుని నెన్నుకొన్నవారు మనవంటివారు కారు, దేవతలును ఋషులును. వారికే ముందుగాఁ దెలియలేదు. నహుషునకుఁ గూడఁ దెలియలేదు. తెలిసినచో మొదట వెనుదీసినవాఁడు తుదివఱకు నట్లే యుండును. కావున నెవనిని నమ్మవచ్చునను ప్రశ్న మన యలవికి మించినది. అతనికి వలదనువాఁడొకఁడు, లెక్క యడుగువాఁడొకఁడు, దిగిపోవలసిన దినమొకటి మనము మిగిల్చితిమా యనునదియే మనము విచారింపఁదగిన ప్రశ్న.

ఇపుడు మన యింటిమాట. రేపటి తీర్మానములలో నాలుగవది మీరు చూచియుందురు. మన విద్యార్థి వసతిగృహమును, దాని నిధిని, స్థలమును ఒక్క మహనీయుని చేతఁ బెట్టి, వారి యొక్క సంతకముపై జీవితాంతము నడుపవలెనని ప్రతిపాదన. ఆ మహనీయులు ఈ వేదికపైనే యున్నారు. తమ సొంత భూమిని ఆ గృహమున కిచ్చినవారు. ఆ గృహమున నన్నముదిని చదివినవారిలో నా తమ్ముని కుమారుఁ డొకఁడు. వారి ఋణము తీర్పఁజాలను. వారి యెదుట నీ మాట చెప్పుట నాకుఁ గష్టముగనే యున్నది. కాని నాఁడు నోరు మూసికొన్న ఆ నలుగురు పిల్లలలో నేఁడు నేనొకఁడను గాఁదలఁపలేదు.

అయ్యా! మీయందు నాకు లేశమైన సందేహము లేదు. ఈ యధికారము నాకిచ్చినను వలదందును. సంఘములోఁ బదిమంది కూడినచోఁ బది మాటలు, పనులు సాగవు, గోడ లేచుటకు మూఁడేండ్లు పట్టునని తీర్మానము తెచ్చినవారందురు. అది నిజమే. వేగము కావలసినపుడు ఆఱునెలలకో, ఏఁడాదికో, ఒక పనికో పూర్ణాధికార మిండు. గడువు వ్రాసి యిండు. సంతకములు రెండుండనిండు. మూఁడేండ్ల కొకమాఱు ఎన్నిక జరుగనిండు. ప్రతి మహాసభలో లెక్కలను బిగ్గరగాఁ జదువనిండు; అన్నముదిను విద్యార్థులలో నొకనికిని లేచి యడుగు హక్కుండనిండు. దీనిచే మీ గౌరవము తగ్గదు. మీ తరువాత ఆ యాసనమునఁ గూర్చుండువాఁ డెవఁడో మీకును దెలియదు, నాకును దెలియదు. ఈ కట్టడి వానికొఱకు. మీరే దీనికిఁ దొలుత నొప్పుకొన్నచో, వాఁడు త్రోసివేయఁజాలఁడు.

నహుషుని కథకు ముగింపు అరణ్యపర్వమునఁ గలదు. కొండచిలువయై పడియున్న యతఁడు భీమునిఁ బట్టెను. పదివేలేనుఁగుల బలముగల భీముఁడు విడిపించుకొనలేకపోయెను. ధర్మరాజు వచ్చి బలము చూపలేదు. పాము వేసిన ప్రశ్నలకుఁ దిన్నగా నుత్తరములు చెప్పెను. బ్రాహ్మణుఁడెవఁడని యడుగఁగా, సత్యము, దానము, క్షమ, శీలము ఎవనియందుండునో వాఁడే కాని, పుట్టుక చాలదని చెప్పెను. కులసభలో నిలిచి ఈ మాట చెప్పుటకు నేను సంకోచింపను. కులమును జూచి బెత్తమెత్తినవాఁడను గనుక నేనే ముందు చెప్పవలెను. ఆ సంభాషణముచే భీముఁడు విడువఁబడెను. నహుషునకును శాపము తీఱెను. ఎదుటివాఁడు నిర్భయముగా మాటలాడిన దినమే సర్వాధికారికి విమోచనము.

నేను గొట్టిన బాలుఁ డిపుడెక్కడ నున్నాఁడో యెఱుఁగను. వాఁడు బ్రదికియుండినచో నేఁబది దాఁటియుండును. వానికిఁ జెప్పవలసిన క్షమాపణమును చెప్పలేకపోయితిని. మన వసతిగృహమున నట్టి బాలుఁడొకఁడు, ఏ కులమువాఁడైనను, నేను తీయలేదండీ యని మూఁడవమాఱుఁ గూడఁ జెప్పఁగల ధైర్యము మనము కల్పింపఁగలిగినచో, కొంత ఋణము తీఱును.