అవ్వ మాటలు, ఆరెం ఆదేశం

(చెన్నై, చూలైలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను హోసూరు ప్రాంతం నుండి వచ్చి చూలైలో స్థిరపడినవాణ్ణి. మా అవ్వ నోట విన్న మాటలను, సామెతలను కంప్యూటరులో ఒక ఫైలుగా రాసి పెట్టుకొన్నాను. అవ్వ గతించిన తరువాత ఒకనాడు, స్థలం చాలక, లినక్స్ టెర్మినల్‌లో నక్షత్రపు గుర్తుతో ‘ఆర్‌ఎం’ అనే ఆదేశమిచ్చాను. పనికిరాని ఫైళ్లతోపాటు అవ్వ మాటలూ పోయాయి. ఆ ఆదేశానికి చెత్తబుట్ట లేదు. తప్పు యంత్రానిది కాదు, నాది.

1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించాడు. ఆ ఏడే యూనికోడ్ తొలి కూర్పులో తెలుగు లిపికి చోటు దక్కింది. మన చెన్నైలోని సీ-డాక్ సంస్థ ‘బాస్’ లినక్స్‌ను రూపొందించింది. కనుక ఆదేశాలను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టవలసినదే అయినా, ఫైలు పేరు, అందులోని రాత తెలుగులోనే ఉండవచ్చు. టెర్మినల్‌లో గుణింతాలు, ఒత్తులు చెదరి కనిపిస్తే బెదరకండి. అది చూపులోని లోపమే, ఫైలు చెడదు.

ఇంటిల్లిపాదీ నేర్వదగిన ఆదేశాలు కొన్ని:

‘పీడబ్ల్యూడీ’: మనమే ఫోల్డరులో ఉన్నామో చెబుతుంది.

‘ఎల్‌ఎస్’: అక్కడ ఏమేమి ఉన్నాయో చూపుతుంది. తుడిచివేతకు ముందు అదే గుర్తుతో దీనిని నడపండి. పోబోయే ఫైళ్ల పేర్లు ముందే కనబడతాయి.

‘ఆర్‌ఎం’: తుడిచివేస్తుంది. దాని పక్కన చిన్న గీత, ‘ఐ’ అక్షరం చేర్చితే ఒక్కొక్క ఫైలుకూ మన అనుమతి అడుగుతుంది.

‘డీఎఫ్’: డిస్కులో మిగిలిన చోటు. ‘డీయూ’: ఏ ఫోల్డరు ఎంత తింటున్నదో.

‘గ్రెప్’: ఒక మాట ఏ ఫైలులో ఉన్నదో వెదకుతుంది. తెలుగు మాటనిచ్చినా వెదకుతుంది. అయితే రాత యూనికోడ్‌లో ఉండాలి. పాత ఖతులలో కూర్చినది దానికి అందదు.

‘ఆర్‌సింక్’: మారిన ఫైళ్లను మాత్రమే మరొక డిస్కుకు నకలు చేస్తుంది.

‘మ్యాన్’: దీని పక్కన ఏ ఆదేశం పేరు రాసినా దాని వివరమంతా చెబుతుంది.

మన పిల్లలు బడిలో తమిళమో కన్నడమో చదువుతున్నారు. ఇంటి పలుకుబళ్లు మాత్రం పెద్దల నోటనే ఉన్నాయి. వాటిని ఈ రాత్రే రాయించండి. రెండు చోట్ల దాచండి. నేను ఒక్క చోటనే దాచాను. మళ్లీ అడుగుదామంటే అవ్వ లేదు.