చిక్కు విప్పే విద్య

మీరు కూర్చుండి ఈ ప్రసంగం వింటున్న గది పొడవు 12 అడుగులు, వెడల్పు 9 అడుగులు, ఎత్తు 8 అడుగులు అనుకుందాము. నేల మీది ఒక మూల నుండి, దానికి పూర్తిగా ఎదురుగా ఇంటి కప్పు దగ్గర ఉన్న మూలకు ఒక దారం బిగించి కట్టవలెను. ఎన్ని అడుగుల దారం కావలెను?

అంకెలు మావి, ప్రశ్న మాత్రం జార్జి పోల్యాది. 1887లో బుడాపెస్టులో జన్మించి, జ్యూరిచ్‌లో చిరకాలం బోధించి, 1940లో అమెరికా చేరి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన గణితాచార్యుడాయన. 1945లో ‘హౌ టు సాల్వ్ ఇట్’ అనే చిన్న గ్రంథం ప్రచురించినాడు. అందులో ఒక అధ్యాపకుడు ఈ ప్రశ్నను తరగతి గదిలోనే, ఆ గదినే చూపిస్తూ వేస్తాడు. విద్యార్థులు మౌనం వహిస్తారు. మనలో చాలామందిమి అక్కడే సుద్దముక్క అందుకొని జవాబు వ్రాసి పడవేస్తాము. ఆయన అధ్యాపకుడు అట్లా చేయడు. కనుగొనవలసినది ఏమిటి అని అడుగుతాడు. తెలిసినవి ఏవి అంటాడు. ఇటువంటిదే, కాని ఇంతకన్న సులువైనది, ఎప్పుడైనా చేసినారా అని కదిలిస్తాడు. అప్పటికీ తోచకపోతేనే, ఈ బొమ్మలో ఎక్కడైనా ఒక త్రిభుజం ఉంటే బాగుండును గదా అంటాడు.

త్రిభుజం అనగానే దారి కనిపిస్తుంది. నేల మీద మూల నుండి మూలకు గీత గీస్తే, 12, 9 భుజాలుగా గల లంబకోణ త్రిభుజానికి కర్ణం 15. ఆ 15ను, ఎత్తు 8ని భుజాలుగా తీసుకుంటే దారం 17 అడుగులు. లెక్క ముగిసినది, పాఠం ముగియలేదు. ఇచ్చిన మూడు కొలతలనూ వాడినామా? ఎత్తు పెరిగితే దారం కూడా పెరుగుతున్నదా? ఎత్తు సున్న అయితే నేల మీది గీతయే మిగులుతున్నదా? ఈ వెనుచూపు మన తరగతులలో బొత్తిగా కరవు. గంట మ్రోగుతుంది, పుస్తకాలు మూస్తారు.

ఇందులో మా తప్పు కూడా ఒకటి చెప్పుకోవలె. రేడియోలో చేరక పూర్వం మేము రెండేళ్ళు ఒక కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినాము. ప్రతి లెక్కనూ మేమే చేసి చూపేవారము. విద్యార్థులు చక్కగా ఎక్కించుకునేవారు. ఉత్తీర్ణులు బాగానే వచ్చినారు, మాకు మంచి పేరూ వచ్చినది. చాలా ఏళ్ళ తరువాత వారిలో ఒకడు మా యింటికి వచ్చినాడు. మోటారు పంపులు బాగుచేసే పని చేస్తున్నాడు. ఒక రైతు పంపు ఆగిపోతే, వైండింగు కాలిందని నిర్ణయించి మార్పించినాడట. రైతు అప్పు తెచ్చి డబ్బు కట్టినాడు. పంపు తిరగలేదు. తీరా చూస్తే స్టార్టరులో ఒక తీగ ఊడి ఉన్నది. ‘‘మాస్టారూ, మీరు చెప్పిన లెక్కలన్నీ నాకు ఇప్పటికీ వచ్చునండి. ఎక్కడ మొదలుపెట్టవలెనో మాత్రం ఎవరూ చెప్పలేదు’’ అన్నాడు. అతడు నిష్ఠూరంగా అనలేదు. అనివుంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ మాటలోని నిజాన్ని షికాగో విశ్వవిద్యాలయంలో బెంజమిన్ బ్లూమ్, లోయిస్ బ్రోడర్ 1950లోనే ప్రకటించినారు. కళాశాల విద్యార్థులకు ప్రశ్నలిచ్చి, మనసులో మెదిలేదంతా పైకి చెబుతూ సాధించుమన్నారు. వెనుకబడినవారిలో చాలామంది ప్రశ్నను సరిగా చదవనే లేదు. వెంటనే జవాబు తోచకపోతే ఏదో ఊహించి వదలివేసినారు. వారి తీరును చక్కగా సాధించినవారి తీరుతో పోల్చుకొనేటట్లు చేసి, ఆ తేడాను వారిచేతనే పట్టించినారు.

తరువాతి కాలంలో ఆలన్ షోన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు, విద్యార్థులు కొత్త లెక్కలతో తంటాలు పడుతుండగా దృశ్యచిత్రణలు తీయించినాడు. సుమారు అరవై శాతం ప్రయత్నాలలో జరిగినది ఒక్కటే: చదవడం, తటాలున ఒక దారి పట్టడం, అది ఎక్కడికీ చేర్చకపోయినా కడదాకా దానినే పట్టుకొని పోవడం. అందుచేత ఆయన తన తరగతిలో బల్లల మధ్య తిరుగుతూ మూడే ప్రశ్నలు వేసేవాడు. ఇప్పుడు ఏమి చేస్తున్నావు? ఎందుకు చేస్తున్నావు? ఫలితం వస్తే దానితో ఏమి చేస్తావు? మొదట్లో పిల్లలు తెల్లమొగం వేసేవారు. ఎట్లాగూ అడుగుతాడని తెలిసిన తరువాత, ఆయన రాకముందే తమను తామే అడుగుకొనసాగినారు. పాఠక్రమం ముగిసేసరికి ఆ గుడ్డిపోకడ ఇరవై శాతానికి లోపుగా తగ్గినది.

ఆ మూడు ప్రశ్నలూ ఫిట్టరు పని నేర్చుకొనే కుర్రవానికీ పనికివస్తాయి. వైండింగు విప్పబోయే ముందు మా శిష్యుణ్ణి ఎవరైనా రెండవ ప్రశ్న అడిగి ఉంటే, ముందుగా స్టార్టరు మూత తీసి ఉండేవాడేమో. పరీక్షాపత్రంలో వీటికి మార్కులుండవు గనుక అధ్యాపకులకు తీరిక దొరకదంటారు. అది నిజమే; మాకూ దొరకలేదు.

ఇక మళ్ళీ మీ గదికి వద్దాము. దారం కట్టిన ఆ కింది మూలలో ఒక చీమ ఉన్నది. పై మూలకు పోవలెను. దారం మీద నడవరాదు. నేల, గోడలు, కప్పు మీదుగానే పోవలె. అన్నిటికన్న దగ్గరి దారి ఏది? అది ఎన్ని అడుగులు? ఇంట్లో పిల్లలుంటే వారినీ కూర్చోబెట్టుకోండి. ఒక అట్టపెట్టె దగ్గర ఉంచుకోండి, అవసరమైతే దానిని విప్పి పరచవచ్చును. జవాబు మాత్రం మేము చెప్పబోము.