నిక్షేపమా, ఋణమా?



శబ్దములు, ధాతువులు, విభక్తులు చెప్పుకొని బ్రదికిన పంతులు రూపాయలను గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోపవచ్చును. కాని యలమంచిలివంటి చిన్న పట్టణమున పాతబడిపంతులునకు విశ్రాంతి యనునది నామమాత్రము. కాగితము చదివిపెట్టుమని వచ్చినవారు పిదప దరఖాస్తు వ్రాసిపెట్టుమందురు. దరఖాస్తు ముగిసిన పిదప, "మాస్టారూ! నాలుగు రాళ్లు మిగిలినవి; ఎక్కడ వేయమందురు?" అని మెల్లగా నడుగుదురు. అనకాపల్లి మార్కెట్టులో బెల్లమమ్ముకొని వచ్చిన రైతు అడుగును. ఏటికొప్పాకలో అంకుడుకర్రతో లక్కబొమ్మలు చేయు పనివాడు అడుగును. ఉద్యోగవిరమణ సొమ్ము చేతికి వచ్చిన తోటి యుపాధ్యాయుడు అడుగును. లండనులో నున్న శిష్యుడు టెలిఫోనులో అడుగును. అందరి ప్రశ్నయు నొక్కటియే: "ఎక్కడ వేసిన వడ్డి ఎక్కువ వచ్చును?"

ఈ ప్రశ్న తప్పని నేననను. కాని యిది నాలుగవదిగా నడుగవలసిన ప్రశ్న. దానిని మొదట నడుగుటచేతనే మనవారు పెక్కుతడవలు మోసపోయిరి. దానికి ముందు అడుగవలసిన మూడు ప్రశ్నలను నేడు మీకు మనవి చేసెదను.

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించిరి. మనుస్మృతిలో వానియందు మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము. ఈ రెంటిని వేరుగా నుంచుటలో గొప్ప వివేకమున్నది. కాశీయాత్రకు పోవువాడు తన నగలపెట్టెను పొరుగింట నుంచినయెడల అది నిక్షేపము. పొరుగువాడు ఆ పెట్టెనే తిరిగి ఈయవలయును. అందలి నగను తాను వాడుకొనరాదు. వాడుకొనుటకు లేదు కనుక వడ్డియు లేదు. ఋణమట్లు కాదు. పుచ్చుకొన్నవాడు ఆ సొమ్మును తన యిష్టము వచ్చినట్లు వాడుకొనును. గడువునాటికి అంత సొమ్మును వృద్ధితో చెల్లించును. మన "వడ్డి" యను మాట ఆ "వృద్ధి" శబ్దమునుండి పుట్టినదే.

ఇప్పుడు చెప్పుడు: బ్యాంకులో మనము వేయు సొమ్ము నిక్షేపమా, ఋణమా? వాడుకలో "డిపాజిట్టు" అందుము, "దాచుకొంటిని" అందుము. కాని 1848లో ఇంగ్లండు ప్రభువుల సభ, ఫోలీ-హిల్ వ్యాజ్యెమున, బ్యాంకరు తన ఖాతాదారునకు ధర్మకర్త కాడు, బాకీదారు మాత్రమే యని తీర్పు చెప్పినది. సొమ్ము బ్యాంకుది, మనకున్నది దానిని అడుగుకొను హక్కు. అనగా, అయ్యా, మనము దాచుకొన్నవారము కాము, అప్పిచ్చినవారము.

ఈ యొక్క మాట మనసున నాటినచో తక్కిన వివేకమంతయు దానియంతట వచ్చును. ఊరిలో పదివేలు అప్పిచ్చువాడు ఎన్ని విచారించును! పుచ్చుకొనువానికి పొలమెంత? పాతబాకీలున్నవా? జామీను ఎవరు? ప్రోనోటు ఏది? ఇన్ని అడిగిన ఆ పెద్దమనిషియే, అద్దాల మేడయు రంగుల క్యాలెండరును చూచి, ఒక కంపెనీకి పదిలక్షలు మాఱుమాటాడక యిచ్చును. ఏలయన, అప్పిచ్చుచున్నానని యతడెరుగడు, దాచుకొనుచున్నానని యనుకొనును.

కాబట్టి మొదటి ప్రశ్న: నా సొమ్ము పుచ్చుకొనువాడెవడు? వాని వెనుక జామీనుగా నిలుచువాడెవడు?

మన ప్రాంతము చెన్నపురి రాజధానిలో విశాఖపట్టణము జిల్లాగా నున్న కాలమున, మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ యని గొప్ప తెల్లదొరల సంస్థ యుండెను. దాని పేరే దానికి జామీను. 1906 అక్టోబరు 22వ తేదీన అది తలుపులు మూసినది. వేలకొలది జనుల సొమ్ము మునిగినది. దాని యధిపతియగు సర్ జార్జి ఆర్బత్‌నాట్ కారాగారమునకు పోయెను. సొమ్ము మాత్రము పూర్తిగా తిరిగి రాలేదు. ఆ దెబ్బనుండియే 1907లో స్వదేశీయుల ఇండియన్ బ్యాంకు పుట్టినది. తరువాత 1923లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. పేరు మారినను ఖాతాదారుని సొమ్ము చెడలేదు. పెద్దపేరు వేరు, గట్టి జామీను వేరు అని ఈ రెండు కథలవలన తెలియుచున్నది.

నేటి జామీనుల సంగతి యిది. తపాలా కచేరీ పొదుపుఖాతాకు ప్రభుత్వమే పూచీ. ఈ పద్ధతి ఇంగ్లండులో 1861లో గ్లాడ్‌స్టన్ దొర పూనికతో మొదలై, మన దేశమున 1882లో వ్యాపించినది. బ్యాంకులలోని సొమ్మునకు 1962 నుండి బీమా కలదు. మొదట దాని పరిమితి మనిషికి 1,500 రూపాయలు. 1993లో లక్ష యైనది. 2020 ఫిబ్రవరి 4 నుండి అయిదులక్షలు. ఇందు రెండు మెలకువలు కలవు. అసలును వడ్డియు కలిపి అయిదులక్షలు. ఒకే బ్యాంకు యొక్క నాలుగు శాఖలలో వేసినను అవి యన్నియు నొక్కటిగానే లెక్కింపబడును. కాన బీమా రక్షణ పెంచుకొనవలెనన్నచో బ్యాంకునే మార్చవలయును గాని శాఖను కాదు. ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల డిపాజిట్లకును, గ్రామ సహకార పరపతి సంఘముల డిపాజిట్లకును ఈ బీమా లేదు. లండను శిష్యునకును ఈ మాటయే చెప్పితిని. అక్కడ ఒక్కొక్క సంస్థలో మనిషికి 85,000 పౌన్లవరకు నుండిన రక్షణను 2025 డిసెంబరు 1 నుండి 1,20,000 పౌన్లకు పెంచిరి. దేశమేదైనను న్యాయమొక్కటే.

రెండవ ప్రశ్న: నాకు కావలసిననాడు సొమ్ము చేతికి వచ్చునా?

పబ్లిక్ ప్రావిడెంటు ఫండు 15 సంవత్సరముల కట్టుబాటు. వృద్ధుల కొరకు 2004లో పెట్టిన పొదుపు పథకము అయిదేండ్లది. ఆడపిల్లల కొరకు 2015లో పెట్టిన సుకన్యా సమృద్ధి బిడ్డ పెరిగి పెద్దదగువరకు సాగును. ఇవి మంచివి. కాని వచ్చు మాఘమాసమున పెండ్లి పెట్టుకొన్నవాడు సొమ్మును 15 ఏండ్ల పెట్టెలో వేసినచో, పెండ్లినాడు వడ్డివ్యాపారి గుమ్మమెక్కవలసివచ్చును. ఒకచేత ఏడుకు అప్పిచ్చి, ఇంకొకచేత ఇరువదినాలుగుకు అప్పుతెచ్చుట పొదుపు కాదు. కావున ఆరునెలల యింటి వెచ్చమునకు చాలు సొమ్ము ఎప్పుడు కావలసిన అప్పుడు తీసికొనునట్లు వేరుగా నుంచి, తక్కినదానికే గడువు పెట్టవలయును.

మూడవ ప్రశ్న: ఆ వడ్డి ఎక్కడనుండి పుట్టును?

చీటీపాటను చూడుడు. ఇరువదిమంది నెలకు వేయి చొప్పున వేసిరి, మొత్తము ఇరువదివేలు. అవసరము గలవాడు అయిదువేలు వదలుకొని పదునైదువేలకు పాడుకొనెను. వదలిన అయిదువేలలో చీటీ నడపువానికి నూటికి అయిదు చొప్పున వేయి పోగా, నాలుగువేలు ఇరువదిమందికి పంచినచో తలకు రెండువందలు. పొరుగువాని యవసరమే మన లాభమైనది. ఇది కంటికి కనబడు లెక్క. అట్లయినను చీటీకి జామీను అడుగవలసినదే. 1982 నాటి చట్టము ప్రకారము చీటీ నడపువాడు రిజిస్ట్రారు అనుమతి పొంది, హామీ సొమ్ము కట్టవలయును. 2019లో అతని కమీషను పరిమితిని అయిదు నుండి ఏడునకు పెంచిరి. రిజిస్ట్రీ కాని చీటీలో నడపువాని మాటయే జామీను. అతడు రాత్రికి రాత్రి ఊరు విడిచినచో అదియు లేదు.

ఇక నెలకు నూటికి రెండు రూపాయలిత్తుమను కంపెనీని చూడుడు. ఏటికి ఇరువదినాలుగు. డెబ్బదిరెంటిని వడ్డితో భాగించినచో సొమ్ము ఎన్నేండ్లకు రెట్టింపగునో స్థూలముగా తెలియును, ఇక్కడ మూడేండ్లు. మనకు ఇరువదినాలుగు ఈయవలెనన్నచో, జీతములు, అద్దెలు, ప్రకటనలు పోను, వాడు అంతకు మించి ఆర్జింపవలయును. ఏ పంటలో, ఏ వర్తకములో ఏటేట అంత వచ్చును? సమాధానము లేకున్నచో, వెనుక చేరినవాని యసలే ముందు చేరినవానికి వడ్డిగా నందుచున్నదని గ్రహింపుడు. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ, గడువునాటికి స్థలములుగాని అధికమైన సొమ్ముగాని ఇత్తుమని చెప్పి, లక్షలమంది నుండి ఆరువేల కోట్లకు పైబడి వసూలు చేసినదని దర్యాప్తు సంస్థలు తెల్పినవి. అది 2015 నాటికి కూలినది. చిన్న డిపాజిటుదారులకు రాష్ట్రప్రభుత్వము, 2019లో పదివేల లోపువారికిని 2021లో ఇరువదివేల లోపువారికిని, ఖజానానుండి చెల్లింపవలసివచ్చెను. అందు సొమ్ము వేసినవారు పేరాసపరులు కారు. కూలివారు, చిల్లర వర్తకులు. వారిని చేర్పించినవారు తరచుగా వారి బంధువులే. అనుమతిలేని డిపాజిట్ల నిషేధమునకు 2019లో కేంద్రము చట్టము చేసినది. కాని చట్టము దొంగను పట్టును. పోయిన సొమ్మును పట్టుట కష్టము.

ఈ మూడింటికి సమాధానము దొరకిన పిదప నాలుగవదానిని అడుగుడు: వడ్డి యెంత? అదియు ధరలతో పోల్చి యడుగుడు. ధరలు ఏటికి నూటికి ఆరు చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లలో నూరు రూపాయల సరకు రెండువందలగును. మూడు వడ్డి వచ్చు ఖాతాలో సొమ్ము రెట్టింపగుటకు ఇరువదినాలుగేండ్లు పట్టును. జామీను ఎంత గట్టిదైనను అట్టి ఖాతాలో సర్వమును ఉంచిన వృద్ధుడు ఏటేట కొంచెము పేదయగుచునే యుండును. అందుచేత కొందరు అప్పిచ్చుటకు మారుగా భాగస్థులగుదురు. 1933లో మన ఏటికొప్పాకలో సహకార చక్కెర కర్మాగారము పుట్టినప్పుడు చెరకురైతులు చేసినది అదియే. వాటా కొన్నవాడు బాకీ యడుగువాడు కాడు. లాభమునను నష్టమునను పాలివాడు. కంపెనీల షేర్లు, మ్యూచువల్ ఫండులు ఈ జాతివి. పది పదునైదేండ్లు కదపనక్కరలేని సొమ్ముతో, నష్టమునకు నిద్రచెడనివాడు, కొంతభాగమునకు మాత్రమే ఈ దారి పట్టవచ్చును.

లేనిదానిని సంపాదించుట యోగమనియు, ఉన్నదానిని కాపాడుట క్షేమమనియు పెద్దలు చెప్పుదురు. కాపాడుటలో చివరి మెట్టు ఒకటి కలదు. పదేండ్లు ఎవరును అడుగని బ్యాంకు డిపాజిట్లను 2014 నుండి రిజర్వు బ్యాంకు వారి నిధికి తరలించుచున్నారు. హక్కుదారులు వానిని ఎప్పుడైనను తిరిగి పొందవచ్చును. కాని సొమ్మున్నదని తెలిసినవారే అడుగగలరు. తెలియని సొమ్మునకు అప్పుపత్రమున్నను ఒకటే, లేకున్నను ఒకటే. కాన ఈ రాత్రియే ఒక కాగితముపై మీకెవరెవరు బాకీయో వ్రాయుడు: తపాలా కచేరీ యెంత, ఏ బ్యాంకు యెంత, ఏ చీటీ యెంత, గడువెన్నడు, నామినీ యెవరు. ఆ కాగితమును మీ యింటి యిల్లాలికి చదివి వినిపించి, ఆమె చేతికే యిండు.