గ్రాఫీన్ సెన్సార్లు: మార్కెట్‌కు రాకముందే మనం అడగాల్సినవి

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్యలోనే కొత్తపేట పండ్ల మార్కెట్ ఉండేది. మామిడి, బత్తాయి లోడుతో వచ్చి ఇక్కడే రాత్రంతా పడిగాపులు కాసిన రోజులు మనకు గుర్తే. 2021లో మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. చోటు మారింది గానీ కార్బైడ్ గొడవ వదల్లేదు. మనం తెచ్చేది చాలావరకు పచ్చికాయ. మాగబెట్టేది కొన్నవాళ్లు. కార్బైడ్ వాడకాన్ని చట్టం నిషేధించింది. అయినా ఆ పేరుతో గిరాకీ పడిపోతే నష్టం మనదే.

ఇలాంటివి పట్టుకోవడానికి గ్రాఫీన్ సెన్సార్లు తయారవుతున్నాయి. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒక్క పరమాణువు మందం ఉన్న ఒక్క పొరే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలొవ్ మామూలు అంటుకునే టేపుతో ఆ పొరను విడదీశారు. 2010లో నోబెల్ అందుకున్నారు. ఆ పొరకు లోపల అంటూ ఏమీ లేదు, ఉన్నదంతా పైభాగమే. అందుకే దాని మీద ఏ అణువు వాలినా అందులో పారే కరెంటు మారుతుంది.

అయితే ఏదో తగిలిందని దానికి తెలుస్తుంది గానీ, ఏది తగిలిందో తెలియదు. అందుకు తగిన పూత వేయాలి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి మందులు మన నరాలకు అవసరమైన ఒక ఎంజైమును పని చేయనివ్వవు. ఆ ఎంజైమునే సెన్సార్ మీద అద్దితే, మందు తగలగానే దాని పని తగ్గి సంకేతం మారుతుంది. రోగక్రిములకైతే యాంటీబాడీలు అద్దుతారు. ఐఐటీ బాంబే పరిశోధకులు గ్రాఫీన్ ఆక్సైడ్‌తో నేలలో తేమ కొలిచే సెన్సార్ కూడా చేశారు.

చిక్కు ఎక్కడంటే, కార్బైడ్‌కు తేమ తగిలితే వచ్చేది అసిటిలీన్. మాగే కాయ తానే వదిలేది ఎథిలీన్. ఎథిలీన్‌తో 100 పీపీఎం వరకు మాగబెట్టడానికి అనుమతి ఉంది. ఈ రెండింటినీ వేరు చేయలేని చౌక యంత్రం పెడితే మంచి సరుకు మీదా కార్బైడ్ ముద్ర పడుతుంది. గాలిలో తేమ పెరిగినా రీడింగ్ తప్పవచ్చు.

వడ్ల తేమ మీటర్ దగ్గర మనం పడ్డ పాట్లు చాలు. 17 శాతం దాటిందంటే తరుగే. పక్క మీటర్‌లో మళ్లీ చూడమంటే వినేవాడు లేడు. అందుకే ముందుగానే అడుగుదాం:

ఒకటి, పరీక్ష మన లోడుకే కాదు, మాగబెట్టే గదుల్లోనూ జరగాలి.

రెండు, ఫలితం కాగితం మీద రైతు చేతికివ్వాలి. ల్యాబ్‌లో ఖాయం కాకుండా ఒక్క రూపాయి కోయకూడదు.

మూడు, యంత్రాన్ని ఏటా రైతు ప్రతినిధుల ఎదుట సరిచూడాలి.

ఈ సెన్సార్లు ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. మార్కెట్‌లోకి వచ్చాక మొత్తుకుంటే లాభం లేదు. వచ్చే మామిడి సీజన్‌లోపే ఈ మూడింటినీ మన మార్కెట్ కమిటీలకు రాసిద్దాం.