సూదిబెజ్జం కెమెరాకు ఏ ఫిలిం?



అట్టపెట్టెతో పిన్‌హోల్ కెమెరా చేశారనుకుందాం. సూదితో పొడిచిన బెజ్జం 0.4 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి ఫిలిం దాకా 10 సెంటీమీటర్లు. ఇక లోపల ఏం పెట్టాలి? ఫోటోల కోసమే అమ్మే షీట్ ఫిలిం ఖరీదైనది. ఒక్కటి పాడైనా ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు చిన్న లెక్క. 10 సెంటీమీటర్లను 0.04 సెంటీమీటర్లతో భాగిస్తే 250. అంటే మన పెట్టె ఎఫ్ 250 కెమెరా. మంచి ఎండలో 400 స్పీడు ఫిలింకు అరసెకనుకు కాస్త పైన చాలు. బెజ్జం మీది నల్లటేపు లాగి అంతలోనే మళ్లీ అంటించడం ఎవరి తరం? షట్టరు లేని ఈ పెట్టెకు నెమ్మదైన సరుకే మేలు.

అందరికీ సులువైనది బ్రోమైడ్ పేపరు. స్పీడు 6 అనుకుంటే అదే ఎండలో 40 సెకన్లు పడుతుంది. గడియారం చూసుకుంటూ తీయవచ్చు. కాకపోతే ఎండా నీడా కలిసిన చోట తెల్లగోడ సున్నమైపోతుంది, అరుగు కింది నీడ బొగ్గైపోతుంది. మబ్బు పట్టిన రోజు చూసుకుని తీయండి.

నా ఓటు మాత్రం ఎక్స్‌రే ఫిలింకే. 8×10 అంగుళాల షీటును కోస్తే 4×5 ముక్కలు నాలుగొస్తాయి. స్పీడు 50 అనుకుని 5 సెకన్లతో మొదలుపెట్టండి. ఎర్రబల్బు వెలుగులోనే కోయవచ్చు, ట్రేలో బొమ్మ తేలడం కళ్లారా చూడవచ్చు. ఎరుపు దానికి కనబడదు కనుక మందారం, కుంకుమబొట్టు నల్లగా పడతాయి.

జాగ్రత్త ఒకటుంది. దీనికి రెండువైపులా మందు పూత ఉంటుంది. తడిసిందంటే పాలమీగడే, గోరు తగిలితే గీత పడుతుంది. ట్రే అడుగున గాజుపలక వేసి, ఒక్కో ముక్కనే కడగండి. డెవలపరు బాగా పలచన చేయండి, లేకపోతే నలుపు ముదిరిపోతుంది. రెండు పూతల వల్ల బొమ్మ కొంచెం అలుక్కుంటుంది గానీ, సూదిబెజ్జం బొమ్మ ఎలాగూ మెత్తనిదే, తేడా తెలియదు.

డిజిటల్ ఎక్స్‌రే సెంటర్లలో ప్రింటుకు వాడే డ్రై ఫిలిం మనకు పనికిరాదు. డార్క్‌రూములో కడిగే, గ్రీన్ సెన్సిటివ్ ఫిలిం కావాలని అడగండి.

తెచ్చిన రోజే ఒక షీటు కోసి, ఒకే గోడను 5, 10, 20, 40 సెకన్లు తీసి చూడండి. బాగా వచ్చిన సమయాన్ని కాగితం మీద రాసి పెట్టె మూతకు అంటించండి.